రెండో తరగతిలో శని

డెబ్బైల చివర్లో వరంగల్ పిల్లలందరికీ సౌరకుటుంబం నేర్పింది నేనే. అందరికీ అంటే, బజారులో ఒక చిన్న ప్రైవేటు బడిలో రెండో తరగతి వాళ్లకు. నాకున్నదీ ఒక్క పుస్తకమే. ఊరికి వచ్చిన పుస్తకాల వ్యానులో కొన్నాను, నిండా రంగుల బొమ్మలు. పిల్లలకంటే ఒక పేజీ ముందుండేవాణ్ణి, అంతే.

చదివి వినిపించాక వాళ్లను గ్రహాలుగా చేసి వాకిట్లో తిప్పాను. అన్నింటిలోకీ అందమైన బొమ్మ శనిది కదా అని, ఆ వేషం కిరాణా దుకాణం వాళ్ల పిల్లవాడికిచ్చి, నడుముకు పాత సైకిల్ టైరు తొడిగాను. వాడి కాళ్లు ఇక నేలమీద నిలవలేదు.

మర్నాడు పొద్దున బజారంతా బడి మీదికి వచ్చింది. సరే, వచ్చింది ఒక్కతే, వాడి నాయనమ్మ. నాకు చెమటలు పట్టడానికి ఆమె చాలు. పక్కన వాడు, తలనుంచి నువ్వుల నూనె కారుతూ, కళ్లనిండా నీళ్లతో.

"ఏం సారూ! గంతమంది పోరగాండ్లుండంగ శనిని చేసెటందుకు నా మన్మడే దొరికిండా? లేక లేక పుట్టిండు. ఇగ నీ బడికి రాడు, పేరు కొట్టెయ్యి!"

నవగ్రహాల గుడి రోజూ దాటుకునే బడికొచ్చేవాణ్ణి. శని పేరు చెబితే ఇళ్లలో ఎంత హడలిపోతారో ఒక్కసారైనా తట్టలేదు.

"అమ్మా, జర ఈ బొమ్మ చూడుండ్రి," అని పుస్తకం తెరిచాను.

ఆమె గబుక్కున పక్కకు జరిగింది. శనికి ఎదురుగా నిలబడకూడదు కదా. కొంగు అడ్డం పెట్టుకుని ఓరగా చూసింది. చాలాసేపు చూసింది.

"గింత సక్కగుంటడా?" గొంతు తగ్గింది. "మరి మనం యాడున్నం ఇందుల?"

భూమిని చూపించాను. "ఇదీ గ్రహమేనమ్మా."

"మనం గూడ గ్రహమేనా!" ఆమె గుండెమీద చెయ్యేసుకుంది. "మరి మనం ఎవల్ని పట్టి పీడిత్తానం, సారూ?"

దీనికి గంటసేపు శాస్త్రీయంగా జవాబిచ్చానని తర్వాత తోటి పంతుళ్లకు చెప్పుకున్నాను. నిజానికి గబగబా పేజీలు తిరగేశాను. పుస్తకంలో ఆ పేజీ లేదు.

ఆమె నన్నొదిలి మనవడి వైపు తిరిగింది. "సూర్యుడయితవా, బిడ్డా?"

"ఊహూ. ఆనికి టైరు లేదు."

ఆమె పెద్దగా నిట్టూర్చింది. "సరే సారూ, ఉండనియ్యి. శనివారం నాడు మాత్రం తిప్పకు."

ఆ బడిలో నేనున్నంతకాలం శనివారాలు ఎక్కాల పాఠమే.