రాకాసి గుడిలో కొమురవ్వ

రాయికల్ ఊరవతల మెట్ట చెలకల మధ్య నాలుగు బండలు నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పిన గూడు ఒకటుంది. వేల ఏళ్ల కిందటి మనుషుల సమాధి అని చదువుకున్నవాళ్లు అంటారు. ఊళ్లో దాని పేరు రాకాసి గుడి. తూర్పు బండకు మనిషి దూరేంత గుండ్రటి కంత. తన మేకపిల్ల అందులోకి దూకితే కొమురవ్వ దాని వెనకే దూరింది. లోపల నేల గుంతపడి ఉంది. పడటంలో కుడి మణికట్టు బెణికింది. మేకపిల్ల ఆమె వీపెక్కి బయటికి దూకిపోయింది.

అరవై రెండేళ్ల మనిషి. కంత ఇప్పుడు గడ్డం ఎత్తున ఉంది. ఒంటిచేత్తో ఒళ్లు లేపుకోలేకపోయింది. ఫోను బయట చెట్టుకు తగిలించిన సంచిలో మోగుతోంది.

కంతలోంచి ఎండ తప్పుకున్నాక ట్రాక్టరు చప్పుడైంది. గొంతు చించుకుని అరిచింది. ట్రాక్టరు ఆగింది. దూరం నుంచే ఒక మగ గొంతు వినిపించింది:

“తప్పయింది తల్లీ. గీ బాటకు మల్ల రాను.”

“ఓరి హన్మండ్లూ! తల్లిని గాదురా, కొమురవ్వను. చెయ్యియ్యి!”

“కొమురవ్వ గొంతు గూడ వట్టినవా తల్లీ?”

“మొన్న నీ బర్రె నా మక్కచేన్ల వడి మేసింది. ఇంకా చెప్పాల్నా?”

హన్మండ్లు తేరుకున్నాడు. చెయ్యి మాత్రం పెట్టలేదు.

“చెయ్యి వెడితే రాకాసి గుంజుకుంటదని చిన్నప్పుడు నువ్వే చెప్తివి గదవ్వా.”

“మీరు దూరి ఇరుక్కుంటరని అబద్ధం చెప్పిన్రా.”

“మరి నువ్వెందుకు దూరినవ్?”

కొమురవ్వ మాట మార్చింది. “నలుగురిని పిలువు. గుడి అని చెప్పకు, ఒక్కలు రారు. బాయిల వడ్డదని చెప్పు.”

అతను ఫోన్లో అలాగే చెప్పాడు. అరగంటకు జనం మోకులు పట్టుకుని వచ్చారు, పక్క చెలకలోని బావి దగ్గరికి. ఎవరో నీళ్లలోకి దూకిన చప్పుడు గూట్లోకి వినిపించింది. ఎవరో ఏడుపు కూడా మొదలుపెట్టారు. హన్మండ్లు ఉరికిపోయి అసలు సంగతి చెప్పాడు. అరుపులన్నీ ఒక్కసారిగా ఆగాయి.

కొమురవ్వ బండకు చెవి ఆనించి వింది. అడుగుల చప్పుడు లేదు. వచ్చినవాళ్లలో సగంమంది ఆమె చెప్పిన రాకాసి కథలు వింటూ పెరిగినవాళ్లే. కాళ్ల కింద మట్టి చల్లబడుతోంది. నాలుగు బండలూ దగ్గరికి జరిగినట్టనిపించింది.

చివరికి ఒక్క మనిషి వచ్చింది. రోజూ పక్కన కూర్చుని బీడీలు చుట్టే సాయవ్వ.

“గాళ్లు బాయి కాడ్నే నిలవడ్డరు. గీ మోకు చంకల కింద కట్టుకో. ఆ కొస పదిమంది వట్టిన్రు.”

కట్టుకుంది. సాయవ్వ కేకేసింది. మోకు బిగిసింది. కంతలోంచి విరబోసుకున్న తెల్లజుట్టుతో తల, దాని వెనకే నడుం దాకా ఒళ్లు బయటికి రాగానే, పదిమందీ మోకు వదిలేసి ఉరికారు.

కొమురవ్వ అక్కడే కంతలో ఆగిపోయింది. సాయవ్వ కొంగు దోపుకుని ఆమె చంకల కింద చేతులు వేసింది.

“పోనియ్ గాళ్లను. నువ్వు కాళ్లు తన్ను!”