పనికెళ్లే కారుతోనే పందెం

కెనడాలోని సార్నియాలో డ్రైవింగ్ నేర్చుకోవాలనుకునే తెలుగు పిల్లలకు మొదట దొరికే ఫోన్ నంబరు సరోజనది. కరీంనగర్‌లో ఉన్నప్పుడు ఆమె స్కూటీ కూడా నడపలేదు. ముప్పై మూడో ఏట భర్త అమరేశ్వరరావు ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చింది. మంచులో నలభై నిమిషాలు బస్సు కోసం నిలబడ్డ రోజున, ఈ ఊళ్లో కారు నడపడం రాకపోతే కాళ్లు లేనట్టేనని అర్థమైంది. రోడ్ టెస్టు రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కింది. నాలుగేళ్లకు తానే ఇన్‌స్ట్రక్టర్ అయింది.

"రెండుసార్లు ఫెయిలైనోళ్లకే తెలుస్తది, ఎక్కడ భయమైతదో" అంటుంది నవ్వుతూ.

మూడేళ్ల కిందటి చలికాలంలో ఆమె దగ్గర నేర్చుకున్న చాందిని కారు మంచు మీద జారి కాలువలోకి దిగింది. దెబ్బలేమీ తగల్లేదు గానీ, ఆ పిల్ల వారంపాటు స్టీరింగ్ ముట్టలేదు. కారు జారితే ఏం చేయాలో నోటితో చెబితే రాదని సరోజనకు అనిపించింది. ఆ మాటే పక్కింటి గ్లెన్‌తో అంది. ఆయన ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైన పెద్దమనిషి, ఊళ్లోని కార్ల క్లబ్బుకు ప్రెసిడెంటు. ఎండాకాలం ఆదివారాల్లో ఖాళీ పార్కింగ్ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు వరసగా పెట్టి, వాటి మధ్య నుంచి ఒక్కో కారునే వదిలి, టైము చూస్తామని, కారును అదుపు చేయడం అక్కడే వస్తుందని చెప్పాడు. కోను తగిలితే రెండు సెకన్లు జరిమానా.

సరోజన చూడటానికి వెళ్లింది. అక్కడ ఉన్నవి ఏడే కార్లు. ఒకప్పుడు నలభై వచ్చేవట. గ్లెన్ ఆమెకు హెల్మెట్ ఇచ్చి, "మీ కారుతోనే వెళ్లండి" అన్నాడు. ఆమె మూడు కోన్లు పడగొట్టి, దారి తప్పి, ముగింపు గీతను వెనక వైపు నుంచి దాటింది. కారు దిగాక నవ్వు ఆపుకోలేక బానెట్ పట్టుకుని నిలబడింది.

మరుసటి వారం చాందినిని, ఇంకో ముగ్గురు స్టూడెంట్లను తీసుకెళ్లింది. వాళ్లు భరద్వాజ్ కారు దగ్గర ఆగిపోయారు. భరద్వాజ్ విజయవాడ ఇంజనీరు, క్లబ్బులో అందరికంటే వేగం. తన రేసు కారును ట్రైలర్ మీద తెచ్చుకుంటాడు. దాని టైర్లు మెత్తటి రబ్బరువి, కొన్ని ఆదివారాలకే అరిగిపోతాయి. ఆయనను అందుకోవడానికి మిగతావాళ్లూ అవే కొన్నారు. కొనలేనివాళ్లు రావడం మానేశారు.

"ఆంటీ, ఇది మన పని కాదు. నా కారు మొత్తం కలిపినా ఆ నాలుగు టైర్ల ఖరీదు చేయదు" అంది చాందిని.

ఆ మాట సరోజన మనసులో నాటుకుంది. క్లబ్బు మీటింగులో లేచి నిలబడింది. పనికెళ్లే కారుతో, మామూలు రోడ్డు టైర్లతో వచ్చేవాళ్లకు వేరే విభాగం పెట్టాలంది. ఒకే కారును ఇద్దరు పంచుకోవచ్చు. హెల్మెట్లు క్లబ్బే ఇవ్వాలి. పొద్దున మొదటి చుట్టు, అంటే మొదటి రన్ టైము కంటే ఎవరు ఎక్కువ మెరుగుపడితే వాళ్లకే బహుమతి.

"మొదటి రన్ కావాలనే మెల్లగా తోలితేనో?" అన్నాడు భరద్వాజ్.

సరోజనకు ఆ ఆలోచనే రాలేదు. "అయ్యో, నిజమే. అది తీసేయండ్రి" అంది వెంటనే. అందరూ నవ్వారు.

"సరోజన గారూ, కారును మెరుగుపరుచుకోవడం కూడా రేసింగే కదండీ. అది వద్దంటే ఎలా?" అన్నాడు భరద్వాజ్ మళ్లీ.

"వద్దంటలేను సార్. మీ విభాగం మీకుంటది. కానీ ఏడుగురే మిగిలినం గద. వచ్చే ఏడు ఎంతమందిమి ఉంటం?"

ఒక సీజన్ చూద్దామని గ్లెన్ తేల్చాడు.

కొత్త విభాగం మొదలైన ఆదివారం పంతొమ్మిది కార్లు వచ్చాయి. చాందిని, ఇంకో స్టూడెంటు పొడుగాటి వికాస్ ఒకే కారు పంచుకున్నారు. రన్ మారిన ప్రతిసారీ సీటు ముందుకూ వెనక్కూ జరపలేక ఇద్దరూ కొట్లాడుకున్నారు. కోన్లు ఎత్తిపెట్టడానికి వచ్చిన అమరేశ్వరరావు మోకాళ్లు నొప్పులని గంటకే మైకు అందుకుని, టైములు చదవడం మొదలుపెట్టాడు. ఆ మైకు మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.

జూలైలో భరద్వాజ్ కారు గేర్‌బాక్స్ పోయింది. పార్టులు రావడానికి నెల పడుతుందన్నారు. ఆ ఆదివారం ఆయన చేతులు కట్టుకుని కంచె పక్కన నిలబడ్డాడు. సరోజన వెళ్లి తన తాళంచెవి చేతిలో పెట్టింది.

"మీ కారా? ఆటోమేటిక్ కదండీ?"

"అవును సార్. ఏసీ గూడ ఉంటది."

ఆయన నడిపాడు. మలుపుల్లో కారు పడవలా ఒరిగింది, టైర్లు కీచుమన్నాయి. కొత్త విభాగంలో ఆరో స్థానం వచ్చింది. అయిదోది చాందినిది, అరసెకను తేడా. భరద్వాజ్ టైములు రాసిన బోర్డు వంక చూస్తూ ఉండిపోయాడు. మనసు కష్టపెట్టానేమోనని సరోజన కంగారుపడింది.

"ఇంకో రన్ ఉందాండీ?" అన్నాడాయన.

సాయంత్రానికి ఆయన స్టూడెంట్ల మధ్య కూర్చుని, కళ్లెదుటి కోను కాదు, దాని తర్వాతి కోను చూడాలని చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. గేర్‌బాక్స్ బాగయ్యాక రేసు కారునూ తెచ్చాడు, వదల్లేదు. కానీ ఒక ఆదివారం ట్రైలర్‌తో వస్తే, మరో ఆదివారం భార్య వ్యానుతో వచ్చేవాడు.

సెప్టెంబరులో సీజన్ చివరి పోటీకి ముప్పై నాలుగు కార్లు వచ్చాయి. హెల్మెట్లు చాలక గంట ఆలస్యమైంది. జనం ఎక్కువయ్యారని గ్లెన్ తల పట్టుకోవడం చాలా ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. సరోజనకు పదకొండో స్థానం. కొత్త విభాగం మొదలయ్యాక అంతకంటే పైకి ఆమె ఎప్పుడూ రాలేదు.

"ముప్పై నాలుగుల పదకొండు!" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది. పోటీ అయ్యాక సరదాగా తిప్పే ఆఖరి రన్ల వరుస అప్పటికే కదులుతోంది. ఆమె పరుగున వెళ్లి కారెక్కి, దాన్ని అందరి వెనకా నిలిపింది.