మాస్టారి దగ్గర బ్రాకెట్లు లెక్కపెట్టిన రోజులు

మాస్టారు పోయారన్న కబురు నాకు ఇస్త్రీ బండి దగ్గర తెలిసింది. ఆ పొద్దున బట్టలు తెచ్చుకోవడానికి వెళ్లి, మా అమ్మాయికి గుడివాడలో ఉద్యోగం వచ్చిన సంగతి ఇస్త్రీ అతనికి చెప్తున్నాను. అప్పటికే వారం రోజులుగా బందరులో నేను ఈ సంగతి చెప్పని మనిషి లేడు. చర్చిలో చెప్పాను, పాల కేంద్రం దగ్గర చెప్పాను, బస్సు కోసం నిలబడ్డ ముక్కూ మొహం తెలియని ఒకాయనకి కూడా చెప్పాను. ఇస్త్రీ అతను అంతా విని, పెట్టె పక్కన పెట్టి, "అయితే మీ అమ్మాయికి నేర్పిన మాస్టారేనాండి, పొద్దున్నే పోయింది?" అన్నాడు.

చేతిలో బట్టలు అక్కడే పెట్టేసి మాస్టారింటికి వెళ్లాను. అప్పటికే వాకిట్లో కుర్చీలు వేసేశారు.

ఊరంతా చెప్పుకున్న నా సంతోషాన్ని ఆయన ఒక్కరికే చెప్పలేదు. అసలు ముందుగా చెప్పాల్సింది ఆయనకి. ఎందుకు చెప్పలేదో చదివేవాళ్ల ముందు ఒప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే క్షమించండి.

నేను కాలవల మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యాను. షట్టర్లు ఎత్తడం, దించడం, గట్లు కాయడం, ఇదీ నా ఉద్యోగం. మొవ్వ దగ్గర కొన్నాళ్లు, దివిసీమ మురుగు కాలవల మీద చాలా ఏళ్లు చేశాను. మాస్టారు మా వీధి చివర ఉండేవారు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని, సర్వే వాళ్లకి కాలవలూ చెరువులూ మ్యాపులు గీసిచ్చేవారు. అంతకుముందు డ్రాఫ్ట్స్‌మన్ పని నేర్పే మాస్టారు. మా అమ్మాయి ఐటీఐ అవగానే ఆయన దగ్గర చేరింది.

ఆయన చేసే పని నాకు అర్థమైనంత వరకు చెప్తాను. సర్వే వాళ్లు కాలవ పొడుగునా ఎత్తుపల్లాల లెవెళ్లు తీసి వందల అంకెలు తెచ్చిస్తారు. ఒక్కో చోటికి ఒక్కో బొమ్మ చేత్తో గీస్తే రోజులు పడుతుంది. మాస్టారు లిస్ప్ అనే భాషలో ప్రోగ్రాం రాసి, కంప్యూటర్లో బొమ్మలు గీసే క్యాడ్‌లోకి ఎక్కించేవారు. ఇక బొమ్మలన్నీ వాటంతటవే వరసగా పడేవి. నేను మొదటిసారి చూసినప్పుడు లేచి చప్పట్లు కొట్టాను. ఆయన సిగ్గుపడ్డారు.

అయితే ఆ లిస్ప్ నిండా బ్రాకెట్లే. ఒకటి తెరిస్తే దానికి ఒకటి మూయాలి. ఎక్కడో ఒక్కటి మర్చిపోతే పని ఆగిపోతుంది. ఒకటి తక్కువైందని క్యాడ్ చెప్తుంది గానీ, ఎక్కడో చెప్పదు. మాస్టారు రాసేది మామూలు నోట్‌ప్యాడ్‌లో. అందులో అన్నీ నల్ల అక్షరాలే.

మా ఆవిడ పోయిన ఏడాది అది. మధ్యాహ్నం అమ్మాయికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే, ఇంటికి పోబుద్ధి కాక అక్కడే కూర్చునేవాణ్ణి. ఒకరోజు మాస్టారు ప్రింటు తీసిన కాగితాలూ ఎర్ర పెన్సిలూ నా చేతిలో పెట్టారు.

"లస్కరు గారూ, తీసిన తలుపు మూశారో లేదో చూడ్డం మీకు అలవాటేగా. ఇదీ అంతే. అర్థం కానక్కర్లేదు."

అలా మొదలైంది. మూడేళ్లు రోజూ వెళ్లాను. ఒక్కో బ్రాకెట్టుకీ దాని జత వెతికి, రెంటినీ కలిపి గీత గీసేవాణ్ణి. జత దొరకనిదానికి సున్నా చుట్టేవాణ్ణి. సున్నా చుట్టిన రోజున మాస్టారు ఇంట్లోకి కేకేసి నాకు రెండో టీ ఇప్పించేవారు. ఆయన టీ తాగే పద్ధతి వేరు. గ్లాసు కంప్యూటరు బల్ల మీద పెట్టనిచ్చేవారు కాదు, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడి తాగాలి. అమ్మాయి తొందరపడితే, "లెవెలు నీ కంగారు చూసి మారదమ్మా" అనేవారు. బొమ్మ పూర్తయ్యాక, "గీత తిన్నగా ఉంటే చాలదు, నిజం చెప్పాలి" అనేవారు. ఈ రెండు మాటలూ మా అమ్మాయి ఇప్పుడు గుడివాడలో వాళ్లకి చెప్తోందట.

ఒకసారి కాగితాల కింద ఒక బొమ్మ కూడా వచ్చింది. సముద్రం దగ్గర మురుగు కాలవది. నీటి బాణం ఊరివైపు వేసుంది. ఇది తిరగబడిందండీ అన్నాను. సర్వే వాళ్లు పోటు వేళ వెళ్లుంటారు, పోటుకి సముద్రం నీళ్లు కాలవలోకి ఎక్కుతాయి, అదే పారుదల అనుకుని రాసుకున్నారు, పాటుకి, అంటే సముద్రం వెనక్కి తీసే వేళ చూస్తే, సముద్రం వైపే దిగుతుంది అని చెప్పాను. బాణం ఎటుంటే ఆ ప్రోగ్రాం తూము తలుపు అటు పెడుతుందట. మాస్టారు కళ్లజోడు తీసి నన్నే చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత నుంచి బ్రాకెట్ల కాగితాలతో పాటు బొమ్మలు కూడా ఇచ్చేవారు. నేను కాగితాల కింద అట్టగా పెట్టుకోవడానికి అనుకున్నాను. కనబడిన తప్పు కనబడినట్టు చెప్పేవాణ్ణి, అంతే.

ఇక మా అమ్మాయి గొడవ. నోట్‌ప్యాడ్‌తో ఎన్నాళ్లు మాస్టారూ, ప్రోగ్రాం రాసుకోవడానికి మంచి ఎడిటర్లు వచ్చాయి, మార్చుకుందాం అంటుంది. మాస్టారు కుదరదని అనలేదు. ఒకే ప్రోగ్రాం నోట్‌ప్యాడ్‌తో కలిపి మూడింట్లో రాసి చూడు, ఏది బాగుందో నువ్వే చెప్పు అన్నారు. నెల రోజులు మా ఇంట్లో అన్నం దగ్గర కూడా ఇదే కబురు. క్యాడ్ లోపలే ఒక ఎడిటర్ ఉంటుందట. రాసింది అక్కడికక్కడే నడిపి చూసుకోవచ్చు, తప్పు ఏ వరసలో ఉందో ఆగి చూపిస్తుంది. దానికే ఓటు వేసేదే. కానీ మాస్టారికి ప్రతి వరస పక్కనా తెలుగులో గుర్తు రాసుకునే అలవాటు. పాత ఫైలు అందులో తెరిస్తే ఆ తెలుగంతా ప్రశ్న గుర్తులైపోయింది. మా అమ్మాయి హడలిపోయి, సేవ్ చేయకుండా మూసేసింది. మూడోది బయట నుంచి ఊరికే తెచ్చుకునే కొత్త ఎడిటర్. అందులో తెలుగు తెలుగులాగే ఉంటుంది, జత బ్రాకెట్లకి జత రంగులు వస్తాయి. నడిపించడానికి మాత్రం మళ్లీ క్యాడ్‌లోకి వెళ్లాలి. ఆ పాటి నడక పర్వాలేదని అమ్మాయి కొత్తదే ఖాయం చేసింది. మాస్టారు అరవై దాటిన వయసులో ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఏ మీట నొక్కితే ఏమవుతుందో నోటు పుస్తకంలో రాసుకుంటూ నేర్చుకున్నారు. కూతురి పక్కన మాస్టారు శిష్యుడిలా కూర్చుంటే ఏ తండ్రికి ఉంటుంది చెప్పండి, అంతటి అదృష్టం.

కాగితాలు మాత్రం నాకు వస్తూనే ఉన్నాయి. ఏడాది గడిచింది.

ఒకరోజు పెందలాడే వెళ్లాను. అమ్మాయి ఏదో చెరిపితే ఒక బ్రాకెట్టు ఎర్రగా మారింది. ఏమిటమ్మా అది అంటే, జత పోయిందని చెప్తోంది నాన్నా అంది. అని, నాలిక కరుచుకుంది.

"అయితే నేను చూసేదేమిటి?"

లేచి ఇంటికి వచ్చేశాను. సాయంత్రం అమ్మాయి వచ్చి, నీకు చెప్పొద్దని ఎవరూ అనలేదు నాన్నా, నాకే నోరు రాలేదు అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అంటే ఏడాది నుంచి, పెళ్లాం పోయిన ముసలాడు ఎక్కడో చోట కూర్చోవాలి గదాని పని లేని పని పెట్టారన్నమాట. ఉద్యోగంలో ఒక్కరోజు ఊరికే జీతం తీసుకోనివాణ్ణి. నా మీద జాలి పడ్డారని తలుచుకుంటే మెతుకు దిగలేదు.

వెళ్లడం మానేశాను. మోకాళ్ల నొప్పులని కబురు పెట్టాను. పది రోజులకి అమ్మాయి వచ్చి, దివిసీమ ఫైలు ఒకటి నువ్వు చూడాలంట, రమ్మంటున్నారు అంది.

"చూడ్డానికి రంగుల మెషీన్ ఉందిగా" అన్నాను.

ఆ మాట అలాగే వెళ్లి చెప్పిందో లేదో నేను అడగలేదు. ఆ తర్వాత దానికి గుడివాడ ఇంటర్వ్యూ వచ్చింది. ఏ ఎడిటర్ వాడతావమ్మా అని అడిగితే, మూడింటి సంగతీ పూస గుచ్చినట్టు చెప్పిందట. అక్కడికక్కడే తీసుకున్నారు. చేరేముందు మాస్టారి కాళ్లకి దణ్ణం పెట్టడానికి వెళ్తూ నన్ను రమ్మంది. నేను వెళ్లలేదు. ఆయన దగ్గరికి వెళ్లడం మానేసి అప్పటికి నెలన్నర. తర్వాత ఇస్త్రీ బండి దగ్గర ఆ కబురు.

పదకొండో రోజున అమ్మాయీ నేనూ వెళ్లాం. మాస్టారి ఇంటావిడని నేను అక్కయ్య గారూ అని పిలుస్తాను. ఆవిడ నా మీద కోపంగా లేరు. అదే కష్టంగా ఉంది.

"ఆ దివిసీమ బొమ్మలు వేయమన్న ఆయన ఫోన్లో రెండుసార్లు గొడవపడ్డాడండీ. ఈయనేమో మా లస్కరు గారు చూడందే పంపనని కూర్చున్నారు. చివరికి విసుగెత్తి, వేరే చోట వేయించుకున్నాడు" అన్నారావిడ.

"మరి నాకు చెప్పలేదేమండీ?"

"నేనూ అదే అన్నాను. మోకాళ్ల నొప్పులంటున్నారు, ఇబ్బంది పెట్టకూడదు అన్నారు."

నేనాడిన అబద్ధాన్ని ఆయన నమ్మారు.

అమ్మాయి కంప్యూటర్ తెరిచి, ఆ ఫైలు కొత్త ఎడిటర్లో పెట్టింది. బ్రాకెట్లన్నీ రంగురంగులుగా, సరిగ్గా ఉన్నాయి. ఒక్కో కాలవ పేరు పక్కనా మాస్టారి తెలుగు ఉంది. అమ్మాయి చదువుతుంటే విన్నాను. మొదటి నాలుగింటి పక్కన 'లస్కరు గారు చూశారు'. ఎప్పుడు చూశానో నాకే గుర్తు లేదు. అట్ట అనుకున్న కాగితాల్లో ఉండి ఉంటాయి. ఐదోదాని పక్కన, 'లస్కరు గారు చూడాలి. నీరు ఎటు?'

ఆ ఐదోది నేను రిటైరయ్యాక తవ్విన కాలవ. ఒక కొస ఏటికి, ఒక కొస సముద్రపు పాయకి. ఎటు దిగుతుందో కాగితం చూసి చెప్పడం నా వల్ల కూడా కాదు.

మర్నాడే ఆ కాలవ దగ్గరికి బయల్దేరాను. ఇప్పుడది ఎవరికి కావాలి నాన్నా, వాళ్లు వేరే చోట వేయించుకున్నారుగా అంది అమ్మాయి. మాస్టారు అడిగారు కదమ్మా అన్నాను.

అవనిగడ్డలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని వెళ్లేసరికి కాలవ పోటు మీదుంది. రెండు కొసల నుంచీ నీళ్లు లోపలికే ఎక్కుతున్నాయి. పాటు వచ్చేదాకా చూడాల్సిందే. తూము దిమ్మ మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. ఉప్పుగాలి, దూరంగా ఇంజను పడవ చప్పుడు. మధ్యాహ్నం దాటాక నీరు ఆగింది. ఎటూ కదలకుండా, పళ్లెంలో పోసినట్టు నిలబడిపోయింది. అమ్మాయికి ఫోన్ కలిపాను.

"ఎటు నాన్నా?"

"ఉండమ్మా. ఇంకా నిలబడే ఉంది."

అది ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. నడిమధ్యన ఒక గుర్రపుడెక్క దుబ్బు ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి దాని వేళ్లు నీటి కింద ఒక పక్కకి వాలాయి. తర్వాత ఆకులు తిరిగాయి. తర్వాత దుబ్బంతా మెల్లగా, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నట్టు, పాయ వైపు కదిలింది.