ముప్పై ఒకటో గంట

మా వార్డులో ఆమెని అందరూ బుడ్డి డాక్టరు అనేవాళ్ళు. ఎత్తు మంచాల మీది పిల్లల్ని చూడాలంటే చిన్న స్టూలు లాక్కుని ఎక్కేది. ఎక్కి, స్టెతస్కోపు పెట్టి, "కదిలావంటే నీ ముక్కు నేను తీసుకెళ్ళిపోతా" అని బెదిరించేది. పిల్లలు ముక్కు పట్టుకుని కిమ్మనకుండా పడుకునేవాళ్ళు. నేను ఆమెకి ఒక ఏడాది జూనియర్ని. అక్కా అనేదాన్ని.

పిల్లల వైద్యంలో పైచదువు మూడేళ్ళు. మొదటి ఏడాది వాళ్ళకి ఏమీ రాదని వదిలేస్తారు. మూడో ఏడాది వాళ్ళు పరీక్షలంటూ పుస్తకాల్లో తల దూరుస్తారు. నలిగేదంతా రెండో ఏడాది వాళ్ళే. నెలకో చోట పడేస్తారు: ఒక నెల వార్డు, ఒక నెల పురిటిపిల్లల గది, ఒక నెల ఎమర్జెన్సీ. ఎక్కడ మనిషి తగ్గినా అక్కడ కూడా వాళ్ళే. ఆ చార్టు వేసేది మూడో ఏడాది సీనియర్ ఒకాయన. పెన్సిలు కంటే రబ్బరు ఎక్కువ వాడతాడని ఆయన్ని రబ్బరు సారు అనుకునేవాళ్ళం. పొద్దున చూసిన చార్టు సాయంత్రానికి ఉండేది కాదు.

ఆ చార్టులో అక్క ఏడాదంతా ఎదురుచూసిన గడి ఒకటుంది. ఊరవతల గుండె ఆసుపత్రిలో నెల రోజులు. గుండెలో రంధ్రంతో పుట్టిన పిల్లలకి అక్కడే ఆపరేషన్లు చేస్తారు. అక్కకి అదే పిచ్చి. తన నోటుబుక్కు వెనక అట్ట మీద కూడా గుండె గదులే గీసుకునేది.

ఆ నెల రెండో ఏడాది వాళ్ళలో ఒకావిడ కాన్పు సెలవు మీద వెళ్ళింది. ఇంకొకాయనకి ఆటలమ్మ పోసింది. మిగిలిన ఇద్దరికీ, అంటే అక్కకీ ఇంకొకరికీ, రోజు విడిచి రోజు డ్యూటీ పడింది. పొద్దున ఎనిమిదికి వస్తే ఆ రాత్రంతా ఉండి, మర్నాడు సాయంత్రం దాకా అక్కడే.

అలాంటి ఒక మర్నాడు, మధ్యాహ్నం మూడింటికి, నాలుగు నెలల బాబుకి ఫిట్స్ మందు రాసింది అక్క. సున్నా పాయింట్ ఆరు మిల్లీలీటర్లు రాయాలి. ఆరు అని రాసింది.

వార్డు నర్సు పెద్దక్క మందు తీయబోయి ఆగి, ఖాళీ సిరంజి పట్టుకుని తిన్నగా మా బల్ల దగ్గరికి వచ్చింది.

"డాక్టరమ్మా, ఇది ఆ పసివాడికా, నాకా?"

అక్క కాగితం చూసింది. పాలిపోయిన మొహంతో అంకె కొట్టేసి, సరిగ్గా రాసి, తనే దగ్గరుండి మందు వేయించింది. అక్కడితో ఆగితే ఎవరికీ తెలిసేది కాదు. నేను ఆ మాటే అన్నాను కూడా.

"నాకు తెలుసుగా," అంది.

బీరువాలో పొరపాట్ల పుస్తకం ఒకటుండేది. ఏ పేజీ చూసినా తెల్లగా ఉండేది. పొరపాటు లేకుండా నడిచే వార్డని మా విభాగం పెద్ద సారుకి దానితోనే పేరు. అక్క దుమ్ము దులిపి మొదటి పేజీలో రాసింది: "ఫిట్స్ మందు పదింతలు రాశాను. నర్సు పట్టుకుంది. బిడ్డకి చేరలేదు. రాసే సమయానికి నేను డ్యూటీకి వచ్చి ముప్పై ఒక్క గంటలు."

తర్వాత బాబు తల్లి దగ్గరికెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ తల్లి తిట్టలేదు, ఏడవలేదు. ఆ రోజు నుంచీ ఎవరు సిరంజి తెచ్చినా చెయ్యి అడ్డం పెట్టి, "ఎంత?" అని అడిగి గానీ వేయనిచ్చేది కాదు. అక్కని కూడా అడిగేది. అక్క ప్రతిసారీ అంకె చదివి వినిపించేది.

మూడో రోజు అక్కకి పిలుపొచ్చింది. కేసుషీట్ల మీద సంతకాలు పెట్టించుకోడానికి వచ్చి నేను ఆ గదిలోనే ఉన్నాను. పెద్ద సారు పుస్తకం ముందుకు తోశాడు.

"పొరపాటు రాశావు, సరే. ఈ ఆఖరి వాక్యం దేనికి?"

"అది కూడా జరిగిందే కదా సార్."

"మేమంతా చెయ్యలేదా డ్యూటీలు? నలభై ఎనిమిది గంటలు నిలబడి చేసిన రోజులున్నాయి నాకు."

"ఆ రోజుల్లో ఎన్ని పొరపాట్లు జరిగాయో పుస్తకంలో లేదు సార్."

పక్కనే ఉన్న రబ్బరు సారు గోడ చూస్తున్నాడు. నేను కేసుషీట్లు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాను.

"ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టు."

"పెట్టను సార్. మీరు కొట్టేయాలంటే కొట్టేయండి. కొట్టేసినట్టు మీ సంతకం పెట్టండి."

ఆయన పెట్టలేదు. పుస్తకం మూసి, "వెళ్ళు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం అక్కవాళ్ళమ్మ క్యారేజీ తెచ్చింది. పాతికేళ్ళుగా బస్సు కండక్టరు ఆవిడ. డ్యూటీ దిగి, యూనిఫాంలోనే వచ్చి మెట్ల మీద కూర్చుంది.

"ఏమైందే, మొహం అలా ఉంది?"

"రాసింది కొట్టెయ్యమంటున్నారు."

"నువ్వేమన్నావు?"

"కొట్టెయ్యనన్నాను."

"మరింకేం, తిను," అని గిన్నె చేతిలో పెట్టింది. "మా డిపోలో డ్రైవరు నిద్రపోయాడో లేదో అడిగి గానీ బండి ఇవ్వరు. మీ సారుకి బస్సుపాటి బుద్ధి లేదా?" అంది. అన్నం నోట్లో పెట్టుకుని అక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మర్నాటికి చార్టు మారింది. గుండె ఆసుపత్రి గడిలో ఇంకొకరి పేరుంది. అక్క పేరు టీకాల గదిలో, రెండు నెలలు. రాత్రి డ్యూటీలు మాత్రం యథాతథం. రబ్బరు సారు ఎదురుపడి, "నా చేతుల్లో లేదమ్మా," అన్నాడు. "రబ్బరు మీ చేతుల్లోనే ఉంది కదా సార్," అనేసి వెళ్ళిపోయింది.

టీకాల గదిలో రోజుకి నూటయాభై మంది పిల్లలు, నూటయాభై ఏడుపులు. అక్క ఒక్కపూట కూడా మానలేదు. కానీ డ్యూటీలో ఎక్కడ సంతకం పెట్టినా పక్కన చిన్న అంకె వేయడం మొదలుపెట్టింది. తొమ్మిది. పదిహేడు. ఇరవై ఆరు. డ్యూటీకొచ్చిన ఎన్నో గంటలో ఆ సంతకం పెట్టిందో ఆ అంకె. సంతకం పక్కన అంకె వేయకూడదన్న రూలు ఎక్కడా లేదు.

వారం తర్వాత మనిషి చాలక నన్నూ రాత్రి డ్యూటీలో వేశారు; మర్నాడు ఒక కేసుషీటు మీద నేనూ అంకె వేశాను. ఇరవై తొమ్మిది. ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూశాను. ఆ తర్వాత చూడలేదు. నెల తిరిగేసరికి వార్డులో అంకె లేని సంతకం లేదు. ఫైళ్ళు సూపరింటెండెంటు ఆఫీసుకి వెళ్ళాయి. అక్కణ్ణుంచి ఒకావిడ వచ్చి, "ఈ ముప్పైలు ఏంటి?" అని అడిగింది. అందరం చెప్పాం.

మీటింగులో పెద్ద సారు, "ఇది ఎవరు నేర్పారు?" అన్నాడు.

అక్క లేచేలోపే మేం ఆరుగురం లేచాం. ఆమె పొట్టిది కదా, మా వెనక కనపడలేదు. "నేనిక్కడున్నాను సార్," అని చెయ్యెత్తింది.

ఆ నెలాఖరు నుంచి, రాత్రి డ్యూటీ చేసినవాళ్ళు మర్నాడు పదకొండింటికల్లా ఇంటికెళ్ళాలని ఆర్డరు వచ్చింది. రెండు ఖాళీలకి పక్క విభాగం నుంచి మనుషుల్ని వేశారు. అక్కకి మాత్రం గుండె ఆసుపత్రి నెల తిరిగి రాలేదు. అడిగింది, అర్జీ రాసింది, మళ్ళీ అడిగింది. చదువు ముగిసినా రాలేదు. సర్టిఫికెట్టులో ప్రవర్తన అన్నచోట పెద్ద సారు "ఫరవాలేదు" అని రాశాడు.

ఇప్పుడు ఒక చిన్న ఆసుపత్రిలో పిల్లల వార్డు అక్కదే. మొన్న కలిసినప్పుడు అడిగాను, ఆ నెల పోయినందుకు ఇంకా కోపం ఉందా అని.

"ఉంది," అంది. "పోనివ్వను కూడా. నాకు రావాల్సిన నెల అది."

అంటూనే గడియారం చూసి, తలుపు దగ్గర తచ్చాడుతున్న జూనియర్ని చూసింది. "పదకొండైంది. నిన్నింకా ఎవరుంచారిక్కడ? ఇంటికి పో," అని గదమాయించింది.