చివరి పేజీ దాకా చదివించిన బ్యాండు మాస్టారు

మొన్న పొద్దున పార్శిలు విప్పగానే కొత్త కాగితం వాసన గుప్పున కొట్టింది. సీడీ డబ్బాలో మడిచి పెట్టే చిన్న పుస్తకం వాసన అది, సగం సిరా, సగం ప్లాస్టిక్కు. మా నెట్ సెంటర్లో జిరాక్స్ కాగితం వాసన పొద్దస్తమానం పీలుస్తూనే ఉంటాను గాని, దానికీ దీనికీ పోలిక లేదు. ఇది తగిలితే చాలు, నాకు నాగభూషణం మాస్టారు గుర్తొస్తారు. నరసరావుపేటలో దరఖాస్తులు నింపుకునే నాలాంటిదానికి, ఎప్పుడో ముత్తాతల కాలంలో అమెరికాలో ఊదిన జాజ్ ట్రంపెట్ పాటలతో పనేమిటని మా ఆయన ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు. ఆ పని పెట్టింది మాస్టారే. ఆయన్ని ఎరగని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మాస్టారంటే బడిపంతులు కాదు. పెళ్ళి ఊరేగింపుల్లో, శవయాత్రల్లో వాయించే బ్యాండు మేళానికి నాయకుడు. నా సెంటర్ పక్క గదే ఆయన మేళానిది. మేకులకు ఎర్ర కోట్లు, గోడవారన డ్రమ్ములు, మధ్యలో ట్రంపెట్ తుడుచుకుంటూ ఆయన. పై పెదవి నడుమ కాయ కాచి ఉండేది. నేను షాపు పెట్టిన కొత్తలో ఒకరోజు మాసిపోయిన క్యాసెట్టు అట్ట ఒకటి పట్టుకొచ్చి నా ముందు పెట్టారు.

"అమ్మాయ్, ఈయన ఊదినయ్యి ఇంకేమన్నా దొరుకుతయ్యేమో నీ కంప్యూటర్లో చూడు."

ఏ పాత సినిమా పాటలో అనుకున్నాను. అట్ట మీద అంతా ఇంగ్లీషు, నల్లజాతి మనిషి ఒకాయన బుగ్గలు పూరించి ట్రంపెట్ పట్టుకున్న బొమ్మ. కుర్రతనంలో ట్రంపెట్ బాగు చేయించుకోవడానికి గుంటూరు వెళితే ఆ షాపులో ఈ క్యాసెట్టు మోగుతోందట. "భాష తెలవదు, ఊరు తెలవదు. ఎవడో గాని మన బ్యాండోడే అనిపించిందమ్మాయ్. నడుస్తా ఊదేవాడి ఊపిరి నాకు తెలవదా?" అన్నారు. షాపాయన్ని బతిమాలి, ఆ క్యాసెట్టు తీసుకునే కదిలారట.

పాత రికార్డుల్ని శుభ్రం చేసి సీడీలుగా మళ్ళీ వేస్తారని అప్పటిదాకా నాకూ తెలియదు. వెతికితే బోలెడు. నా కార్డుతో ఒకటి తెప్పించాను, ఇక ఆగలేదు. ఒకటే పాట మూడు కంపెనీలు వేస్తే మూడూ కావాలనేవారు. ఉన్నదే మళ్ళీ ఎందుకు బాబాయ్ అని కసిరితే, "వినిచూడు, ఈళ్ళు గరగర తీసేశారు. దాంతోపాటు ఆయన ఊపిరి కూడా తీసేశారు. అందుకని గరగర ఉన్నది కూడా ఉండాల" అనేవారు. నాకు మొదట్లో ఒక్క తేడా పట్టుబడితే ఒట్టు. ఏడాది తిరిగేసరికి, ఊదబోయే ముందు ఆ మనిషి గాలి పీల్చడం నాకే వినపడడం మొదలైంది. ఆ రోజు గర్వంగా వెళ్ళి చెబితే, "చెవి వచ్చిందిలే నీకు" అన్నారు. బీకాం పాసైనప్పుడు కూడా నేనంత సంబరపడలేదు.

మంగళవారం ముహూర్తాలుండవు కనుక మేళానికి సెలవు. ఆ పొద్దున ఆయన నా షాపులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటే, సీడీతో వచ్చిన పుస్తకం చదివి తెలుగులో చెప్పడం నా పని. నా ఇంగ్లీషు అప్పట్లో అంతంత మాత్రం. తెలియని మాట వస్తే కంప్యూటర్లో వెతుక్కుని చెప్పేదాన్ని. ఒకసారి అందులో, ఈ వాయించేవాళ్ళు తమ ఊళ్ళో శవాల వెంట నడుస్తూ ఊదేవాళ్ళని ఉంది. మాస్టారు చేయెత్తి నన్ను ఆపి, పక్క గదిలోంచి మేళం వాళ్ళందరినీ కేకేశారు.

"ఆ ముక్క మళ్ళీ చదువమ్మాయ్. ఇనండ్రా. చావు మేళమని మనల్ని గడప బయట కూచోబెట్టి అన్నం పెడతారు చూశారా? ఈళ్ళూ అదే పని చేశారంట. ఈళ్ళ పాట సముద్రాలు దాటొచ్చి ఇయ్యాల మనింట్లో మోగుతోంది."

డ్రమ్ము కొట్టే ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఆయనలో మొండితనం కూడా ఉంది, అది దాచి రాస్తే ఆయనే ఒప్పుకోరు. ఆ మొదటి క్యాసెట్టులో ఒక పాట చివర ట్రంపెట్ మెట్టు మెట్టుగా పైకెక్కి అక్కడ నిలబడుతుంది. మాస్టారు దాన్ని క్యాసెట్టు విని ఏళ్ళ తరబడి సాధించారు. పెదవి చిట్లి రక్తం వచ్చేదట. ఆయన మేళంలో ముందు నిలబడి ఊదాలంటే ఆ ముక్క వాయించి తీరాలి, అదీ లెక్క. మేనల్లుడు శీనును తన తర్వాత మేళానికి పెద్దను చేద్దామని చిన్నప్పటి నుంచీ ఆయనే నేర్పారు. ముప్పై ఏళ్ళ మనిషి శీను, మంచి వాయిద్యగాడు. ఆ ముక్క మాత్రం అతనికి లొంగలేదు. ఒక మంగళవారం గోడ అవతల నుంచి వాళ్ళ మాటలు నాకు స్పష్టంగా వినిపించాయి.

"మామా, ఇది చేతికి అడ్డం తిరుగుతోంది. ఉండేది మూడు మీటలు. ఇంత వంకరగా ఏ ట్రంపెట్టోడూ ఊదడు. అర మెట్టు దించి చూడు, వేళ్ళు వాటంతట అయ్యే పోతయ్యి. క్యాసెట్టే తప్పు."

"మూడు కంపెనీలయ్యి తెప్పించా. మూడిట్లో ఒకటే రకంగా ఉంది. ముగ్గురూ తప్పు, నువ్వొక్కడివే ఒప్పా? నీ పెదవి చాలదని చెప్పుకోలేక పాట మీద పెడతావేందిరా?"

మేళం మొత్తం అక్కడే ఉంది. శీను ట్రంపెట్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మాచర్లలో నాపరాళ్ళ లారీ తోలుతున్నాడని తర్వాత తెలిసింది. మూడేళ్ళు వాళ్ళ మధ్య మాటల్లేవు. మాస్టారు అతని పేరెత్తేవారు కాదు గాని, అతని ట్రంపెట్ మాత్రం రోజూ తుడిచేవారు.

ఆ తర్వాత అదే పాటను మరో కంపెనీ కొత్తగా వేసింది. నాలుగోది. పార్శిలు వచ్చింది, ఎప్పటిలాగే ఆయన స్టూలు మీద కూర్చున్నారు, నేను చదువుతున్నాను. చివరి పేజీలో అడుగున రెండు వాక్యాలు. ఇంతకుముందు వచ్చిన ప్రతులన్నీ ఒకే తప్పుడు నకలు నుంచి తీసినవి, అసలు రికార్డును తిప్పాల్సిన దానికంటే వేగంగా తిప్పడం వల్ల పాట అర మెట్టు పైకి పోయింది, ఇప్పుడు దాన్ని సరిచేశాం అని. కళ్ళతో చదివేశాను గాని, నోరు రాలేదు. లేని ఎత్తు కోసం ఈయన అన్నేళ్ళు పెదవి చీల్చుకున్నారు, కొడుకులాంటి వాణ్ణి వెళ్ళగొట్టుకున్నారు. ఇది నేనెలా చెప్పను?

"ఇంక కంపెనీ వాళ్ళ అడ్రసులు బాబాయ్, అంతే" అని పుస్తకం మూసేశాను.

మర్నాడు షట్టరు ఎత్తేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. లోపలికొచ్చి పుస్తకం నా ముందు పెట్టి, చివరి పేజీ తీశారు. "చదువు" అన్నారు. రాత్రి ఆ సీడీ పెట్టుకుని విన్నారట; చెవి ఉన్న మనిషి, పాట అర మెట్టు దిగిందని ఒక్కసారి వింటే తెలియకుండా ఉంటుందా? చదివాను. తలెత్తి చూడలేకపోయాను.

"నిన్న ఎందుకు ఎగ్గొట్టావే?"

"మీరు బాధపడతారని బాబాయ్."

"నా బాధ నేను పడతా. నువ్వు దాచింది నా తప్పొక్కటే అనుకున్నావా? వాడి ఒప్పు కూడా దాచావు. మూడేళ్ళు ఆగాడు వాడు. నీ జాలితో ఇంకెన్నేళ్ళు ఆగాలంట?"

గట్టిగా కూడా అనలేదు. నన్ను అంత సిగ్గుపడేలా చేసిన మాట ఇంతవరకు ఇంకొకటి లేదు.

ఆ వారంలోనే మేళానికి మాచర్లలో ఒక పెళ్ళిలో వాయించే పని ఉంది. షాపు మూసి నన్నూ వ్యానెక్కమన్నారు. ఊళ్ళోకి పోకుండా వ్యాను తిన్నగా రాళ్ళ యార్డు దగ్గర ఆపించి, ఎర్ర కోట్లతో మేళం మొత్తాన్ని కిందికి దించారు. శీను లారీ కింద నుంచి గ్రీజు చేతులతో లేచొచ్చి మమ్మల్ని చూసి బిత్తరపోయాడు. హమాలీలు పని ఆపి నిలబడ్డారు.

"అందరి ముందు వాణ్ణి మాటన్నా, అందరి ముందే చదవాల. ముందు వాళ్ళ మాటల్లో చదువమ్మాయ్, తర్వాత మన మాటల్లో" అన్నారు మాస్టారు.

చదివాను. అయ్యాక మాస్టారు, "తప్పు నాదిరా శీనూ. పాట నీకు తెలిసింది, నాకు తెలవలా" అని అతని ట్రంపెట్ అతని ముందు పట్టుకున్నారు. శీను దాన్ని అందుకోలేదు. తల వంచుకుని చాలాసేపు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఆ ముక్క ఇంకోసారి చదువక్కా" అన్నాడు.

మళ్ళీ చదివాను. మూడోసారి కూడా అడిగాడు. అప్పుడు ట్రంపెట్ తీసుకున్నాడు. ఆ రోజు ఊదలేదు, మూడేళ్ళు ఊదక పెదవి పట్టు పోయిందన్నాడు. నాలుగు నెలల తర్వాత మేళంలో ముందు వరుసలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ పాట ఇప్పుడు అర మెట్టు కిందనే మోగుతుంది, వేళ్ళు హాయిగా తిరుగుతాయట.

రెండేళ్ళు గడిచాక మాస్టారికి దగ్గు పట్టుకుంది. గుంటూరులో పరీక్షలు చేయించుకుని, కవరు ఎవరికీ చూపించకుండా మంగళవారం పొద్దున నా దగ్గరికే తెచ్చారు. స్టూలు లాక్కుని కూర్చుని, "చదువమ్మాయ్" అన్నారు. మొదటి పేజీలో అంకెలు. రెండో పేజీలో ఊపిరితిత్తుల మాట. మూడో పేజీలో, ఏ నోటికీ పలకాలనిపించని మాట. పక్కకు తిరిగి మంచినీళ్ళు తాగి, ఆగిన చోట నుంచే మళ్ళీ మొదలుపెట్టి, ఒక్క అక్షరం వదలకుండా చదివి తెలుగులో చెప్పాను. ఆయన నా మొహమే చూస్తూ విన్నారు.

"చివరి పేజీ కూడా అయిందా?"

"అయింది బాబాయ్. ఏమీ వదల్లేదు."

"తెలుసులే. అందుకే నీ దగ్గరకొచ్చా" అన్నారు.

ఆ ఏడాదే పోయారు. నా షాపుకు కోర్టు నోటీసులు వస్తాయి, బ్యాంకు కాగితాలు వస్తాయి, ఆస్పత్రి రిపోర్టులు వస్తాయి. ఇంగ్లీషు రాని వాళ్ళు తెచ్చి, మంచిమాటేనా అమ్మా అని నా మొహంలోకి చూస్తారు. పేజీ తిప్పి మూసేయాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, అబద్ధం చెప్పను. ముందు వాళ్ళను కూర్చోమంటాను, మంచినీళ్ళు ఇస్తాను, తర్వాత అడుగుదాకా చదువుతాను.