చొక్కా విప్పిన మధ్యాహ్నం

మొన్న గుండె పరీక్షకు చొక్కా విప్పమన్నప్పుడు, ఈ వయసులోనూ నా చేతులు బొత్తాముల దగ్గర తడబడ్డాయి. తీగలు అతికించే అమ్మాయి నవ్వు దాచుకొన్నది. నాకు మాత్రం రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో, సముద్రపుగాలి కిటికీ రెక్కలను కొట్టే ఒక పురుళ్ల వార్డు కళ్ల ముందు నిలిచింది.

నెలలు నిండకముందే మా అమ్మాయికి గుర్రపువాతం కమ్మి మూర్ఛలు రావడంతో, ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లి వార్డులోనే గోడవారి మంచం మీద మందుల మత్తులో ఉన్నది. అల్లుడు ఓడ కొలువులో నడిసముద్రం మీద ఉన్నాడు. మా ఆవిడకు జ్వరమని లోపలికి రానివ్వలేదు. ఇక మిగిలినవాణ్ని నేనే. గోదావరి సీమ నుండి ఉక్కునగరానికి వచ్చి, విశాలవక్షులైన వీరుల వర్ణనలను పిల్లలచేత వల్లె వేయించిన తెలుగు మాస్టరును. నా వక్షమో, పక్కటెముకల పంజరం.

నర్సమ్మ పాప పొట్టనూ అరికాళ్లనూ చేతి వెనుక భాగంతో తాకి చూసింది. “పొట్ట ఎచ్చగానే ఉంది గానీ కాళ్లు సల్లబడిపోతన్నాయి. గాజుపెట్టెలో ఇప్పటికే ఇద్దరున్నారు. సొక్కా ఇప్పండి మాస్టారూ, పాపని మీ గుండెకి కట్టేత్తాను.”

“తెర ఏదైనా ఉన్నదా అమ్మా?”

“తెరెతికేసరికి పాప ఇంకా సల్లబడిపోద్ది. ఇప్పీండి!”

సింహాచలేశుని సన్నిధిలో వేయిమంది నడుమ చొక్కా తీసినవాణ్నే. అక్కడ చూసేవాడు దేవుడు. ఇక్కడ చూస్తున్నవారు వార్డునిండా బాలింతలు. పక్క మంచం మీది జాలరి పిల్ల ఊరుకోలేదు: “ఏటి మాస్టారూ, అంత సిగ్గా? మావోడు రోజూ సొక్కా నేకండానే ఏటకెల్తాడు!” వార్డంతా నవ్వింది. నేను చొక్కా విప్పి, గోడవైపు తిరిగి కూర్చున్నాను. గుడ్డతో కట్టిన ఆ పిడికెడు ప్రాణం నా చర్మానికి అంటుకొని, పిచ్చుకవలె ఊపిరి తీస్తున్నది.

చాలాసేపటికి నర్సమ్మ మళ్లీ అరికాళ్లు తాకింది. “ఎచ్చబడ్డాయి. కదలకండి.”

అప్పుడే మా అమ్మాయి కళ్లు తెరిచింది. నన్నూ పాపనూ తేరిపార చూసి, ఎండిన పెదవులతో అడిగింది: “నన్ను కూడా ఇలా ఎత్తుకున్నారా, నాన్నగారూ?”

పెద్దల యెదుట కన్నబిడ్డను ఎత్తుకొనడం మా యింట మగవారికి సిగ్గుచేటు. దాని పసితనమంతా ఆ నియమాన్ని నేను పొల్లుపోకుండా పాటించాను. ఒంటిమీద చొక్కా లేదన్న సిగ్గు ఆ క్షణాన ఎటు పోయిందో. అంతకంటె బరువైనదొకటి వచ్చి ఆ చోట కూర్చున్నది. పాప వీపుమీద చేయి వేసుకొని తల వంచుకొన్నాను. బిడ్డ గుండెమీద ఇమిడే కాలం బహు స్వల్పం. నేను దానినంతా మర్యాదకు సమర్పించుకొన్నాను.