చెవికందని చువ్వ

ఆ వీధిలో ఎవరి సైకిలు చక్రం వంకరపోయినా, ఎవరి తోపుడుబండి చక్రం గీరుకున్నా అందరూ చెప్పేది ఒకటే మాట: "మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళు." ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై మూడేళ్ళుగా చక్రాలు కట్టడమే పని. చక్రాన్ని స్టాండుకు తగిలించి, చువ్వల్ని వేలితో మీటి, మోతను బట్టి ఒకదాన్ని బిగించేవాడు, ఇంకోదాన్ని వదులు చేసేవాడు. "ఈయన కట్టేవి చక్రాలు కావయ్యా, వీణలు" అని పక్క కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన అంటుండేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా మేస్త్రికి లోపల పొంగిపోయేది.

రెండేళ్ళ నుంచి మాత్రం ఆ మాట వింటే గుండె గతుక్కుమంటోంది. ఎడమ చెవి దాదాపు మూతపడింది. కుడి చెవి కూడా మెల్లమెల్లగా దాని దారే పడుతోంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్య వెనక గదిలో కుట్టుమిషను దగ్గర్నుంచి ఏదో అడిగితే, అంచనా మీద "ఆఁ, సరేలే" అనేవాడు. ఒకసారి ఆవిడ "మిషను కాలుతోంది, వచ్చి చూడండి" అన్నప్పుడు కూడా అదే జవాబు ఇచ్చాడు. "ముప్పై ఏళ్ళ కాపురం అయ్యాక ఏ మొగుడికి పెళ్ళాం మాట వినపడుతుందిలే" అని ఆవిడే నవ్వేసింది. ఆ నవ్వు చాటున ఆయన బతికిపోయాడు.

పనికి ఎందుకు లోటు రాలేదంటే, ఇనుప రిమ్మయినా అల్యూమినియం రిమ్మయినా ఒక చువ్వ వదులైతే చాలు, చక్రం అటో ఇటో వంగి కంటికి పట్టుబడుతుంది. చెవి ఎగ్గొట్టిన పనిని కన్ను చేసిపెడుతూ వచ్చింది.

అలాంటి రోజుల్లో బావమరిది ఒక పెద్ద అట్టపెట్టె మోసుకుని కొట్టుకు వచ్చాడు.

అతను మేస్త్రి భార్యకు తమ్ముడు. ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్ల అంకెలు రాసుకునే ఉద్యోగం. అందుకే ఊరంతా అతణ్ణి మీటరు అనే పిలుస్తారు. పదేళ్ళుగా అతనికి ఒంటిచక్రం బండి పిచ్చి. నడుము దాకా వచ్చే ఒకే ఒక్క చక్రం, దాని పైన సీటు. గొలుసు లేదు, గేరు లేదు. పెడలు ఒక చుట్టు తొక్కితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, అంతే. ఆ బరువు చక్రాన్ని ఎత్తు మీదికి తొక్కీ తొక్కీ మోకాలు అరిగిపోయింది.

"బావా, ఇది పట్టుకుని చూడు" అంటూ పెట్టెలోంచి నల్లటి రిమ్ము తీసి చేతిలో పెట్టాడు. అంత పెద్ద రిమ్ము ఎండు సొరకాయ బుర్రలా తేలిపోయింది. "కార్బను ఫైబరు. పాతదాని బరువులో సగం కూడా లేదు. దీన్ని నువ్వు కట్టిపెడితే డ్యాము దాకా పోతా. ఇరవై ఏళ్ళుగా ఆ నీళ్ళ లెక్క రాస్తున్నా, ఆ నీళ్ళు నిలిచే చోటు ఒక్కసారైనా చూడలేదు."

డ్యాముకు అరవై కిలోమీటర్లు. మధ్యలో కొండ. తొమ్మిది కిలోమీటర్ల ఎక్కుడు, ఏడు కిలోమీటర్ల దిగుడు.

మేస్త్రి రిమ్మును తిప్పి చూశాడు. "ఇనుము వంగి చెబుతుందిరా. ఇది చెప్పదట కదా. పగలడమేనట."

"అందుకే నీ దగ్గరికి తెచ్చా. చెప్పనిదాన్ని చెప్పించే చెవి నీది కదా!"

అప్పుడే నిజం చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే తాళాలాయన తొంగిచూసి, "ఏం మేస్త్రీ, కొత్త వీణా?" అన్నాడు. మాట గొంతులోనే ఉండిపోయింది.

నాలుగు రోజులు కట్టాడు. ముప్పై ఆరు చువ్వలు. ఒక్కొక్కటీ చక్రం నడిమి హబ్బులో దూర్చి, ఒకదాని మీదుగా ఇంకోటి పోనిచ్చి, చివర చిన్న నట్టుకు నూనెచుక్క వేసి బిగించాడు. మామూలుగా అయితే చక్రం ఆయనతో పేచీ పెట్టుకునేది. ఒక పక్క సరిచేస్తే ఇంకో పక్క ఎదురు తిరిగేది. ఇది మాత్రం మొదటి పూట నుంచే బుద్ధిమంతురాలిలా నిటారుగా తిరిగింది. రిమ్ము అంత గట్టిది. చువ్వలు ఎలా ఉన్నా అది వంగదు. అంటే కన్ను చెప్పేదేమీ లేదు. పైన పటారం, లోన లొటారం కాదని ఎవరు చెప్పాలి? చెవే చెప్పాలి.

కుడి చెవి చువ్వలకు ఆనించినంత పని చేసి మీటాడు. అన్నీ ఒకేలా వినిపించాయి. నిజంగానే ఒకేలా ఉన్నాయో, తనకే తేడా తెలియడం లేదో అర్థం కాలేదు. బిగువు కొలిచే గేజీ ఒకటి ఉంటుంది. సామాన్లమ్మే అతను మూడేళ్ళ కింద చూపిస్తే, "చెవుల్లేని వాళ్ళకి అమ్ముకోవయ్యా" అని పదిమందిలో వెక్కిరించి పంపాడు. ఇప్పుడు ఏ మొహంతో అడుగుతాడు?

వెనక గదిలో భార్య తమ్ముడి సీటుకు మెత్తటి తొడుగు కుడుతోంది.

"ఇదిగో, ఒకసారి ఇలా రా."

ఆవిడ దారం కొరికి లేచొచ్చింది. "ఏంటండీ?"

మేస్త్రి చక్రం వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "కాస్త టీ పెడతావా?"

"దాని కోసం ఇక్కడిదాకా పిలవాలా?" అని విసుక్కుంటూ వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రం మీటరు వీధిలో రెండు చుట్లు తొక్కాడు. చక్రం ఈకలా పరుగెత్తింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేస్త్రి భార్య మాత్రం చెవి రిక్కించింది. "ఏదో టిక్కుమంటోంది కదూ?"

మేస్త్రికి చప్పట్లు తప్ప ఏమీ వినపడలేదు. "కొత్త చక్రం కదా, చువ్వలు సర్దుకుంటాయి" అన్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు.

"నువ్వు విన్నావుగా బావా?" అని దిగుతూ అడిగాడు మీటరు.

"విన్నాన్రా."



ఆదివారం పొద్దున్నే మీటరు బయలుదేరాడు. మేస్త్రి కొట్టు తెరిచాడు గానీ చేతులు ఆడలేదు. కాలుగాలిన పిల్లిలా లోపలికీ బయటికీ తిరిగాడు. తొమ్మిదిన్నరకు భార్య ఫోను పట్టుకుని వచ్చింది.

"తమ్ముడు చేశాడండీ. కొండ ఎక్కడం మొదలుపెట్టాడట. ఆ టిక్కుటిక్కు ఇప్పుడు ఆగకుండా వస్తోందట. 'బావ విన్నాడుగా, భయం లేదు' అంటున్నాడు."

మేస్త్రి ఫోను లాక్కుని తిరిగి చేశాడు. కలవలేదు. మళ్ళీ చేశాడు. కొండ మీద సిగ్నలు ఉండదు.

"నేను వినలేదే" అన్నాడు.

"ఏంటి?"

"ఆ చప్పుడు నాకు వినపడలేదు. చువ్వల తేడా కూడా వినపడలేదు. రెండేళ్ళ నుంచి నాకు సరిగ్గా ఏదీ వినపడటం లేదు."

ఆవిడ కేకలేస్తుందనుకున్నాడు. వేయలేదు. "బండి తీయండి" అంది.

స్కూటరు మీద దారి పొడుగునా ఆవిడే ఆయనకు చెవులైంది. "వెనక లారీ, పక్కకు తప్పుకోండి! హారను కొడుతున్నాడు, వినపడటం లేదా?" అని ఒకసారి అరిచి, వెంటనే నాలుక కరుచుకుంది. ఇన్నాళ్ళూ ఈయన వెనక తాను ధీమాగా కూర్చున్న సంగతి అప్పుడు తట్టినట్టుంది, భుజం గట్టిగా పట్టుకుంది. కొండ దారిలో ప్రతి మలుపు దగ్గరా మేస్త్రి ముందు రోడ్డు చూసేవాడు, ఆ తర్వాత గుండె చిక్కబట్టుకుని లోయ అంచు చూసేవాడు. మలుపు ఖాళీగా ఉంటే హమ్మయ్య అనిపించేది కాదు. భయం తర్వాతి మలుపుకు జరిగేది, అంతే.

కొండ కొన దాటాక కనపడ్డాడు. అప్పటికే దిగుడు మొదలైంది. పెడళ్ళ మీద వెనక్కి తన్నిపట్టి, చేతులు చాచి, నల్ల చక్రం మీద కిందికి పోతున్నాడు. హారను కొడితే వెనక్కి చూసి, ఉత్సాహపరచడానికి వచ్చారనుకుని చెయ్యి ఊపాడు.

"దిగరా! ఒరేయ్, దిగు!" భార్య గొంతు చీరుకుపోయేలా అరిచింది.

అక్క అరుపులో ఏం వినిపించిందో గానీ, మీటరు ఎగిరి దూకి, నాలుగడుగులు పరుగెత్తి, సీటు పట్టుకుని నిలబడ్డాడు.

మేస్త్రి మాట్లాడకుండా రోడ్డు పక్కన కూర్చుని చువ్వల్ని రెండేసి చొప్పున వేళ్ళతో నొక్కాడు. మూడు చువ్వలు ఒకేచోట దారాల్లా వదులైపోయాయి. వాటి బరువంతా పక్కవాటి మీద పడింది. ఆ పక్క చువ్వ రిమ్ములోకి దిగేచోట వెంట్రుకంత గీత. గోరు పెట్టి చూస్తే తగిలింది.

"పగులు" అన్నాడు. ఆ తర్వాత తల ఎత్తకుండానే అంతా చెప్పేశాడు. చెవి సంగతి, గేజీ సంగతి, "విన్నాన్రా" అన్న అబద్ధం.

మీటరు కిందికి చూశాడు. ఎదురుగా ఏడు కిలోమీటర్ల దిగుడు మెలికలు తిరిగి కనపడుతోంది.

"నా ప్రాణం కంటే నీ పరువు ఎక్కువైందా బావా?"

ఆ మాట మాత్రం మేస్త్రికి స్పష్టంగా వినపడింది.

"బండెక్కరా తమ్ముడూ, ఇంటికి పోదాం" అంది అక్క.

"మీరు పొండి. నేను నడుస్తా."

చక్రాన్ని తోసుకుంటూ డ్యాము వైపే నడిచాడు. మేస్త్రి దంపతులు స్కూటరును నెమ్మదిగా అతని వెనకే పోనిచ్చారు. మధ్యాహ్నం దాటాక నీళ్ళు కనపడ్డాయి. మీటరు కట్ట మీద కూర్చుని, చెప్పులు విప్పి, కాసేపు అలా చూసి, "నేను వెళ్తున్నా" అన్నాడు. పాలవాన్ ఒకటి ఆపి, చక్రంతో సహా ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండు నెలలు అతను కొట్టు ముందు నుంచి పోలేదు. మేస్త్రి ఇంటి మీటరు చదవడానికి కూడా ఇంకెవర్నో పంపాడు. ఈలోగా భార్య పట్టుబట్టి మేస్త్రిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎడమది పోయిందన్నారు, కుడిదానికి మిషను పెట్టారు. కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ మేస్త్రి ముందే చెప్పడం మొదలుపెట్టాడు: "నాకు చెవి తక్కువయ్యా, ఆలోచించుకుని ఇవ్వు." తాళాలాయన విని, మొదటిసారి హాస్యమేమీ ఆడలేదు. కొందరు ఆలోచించుకుని వెళ్ళిపోయారు. చాలామంది సైకిలు వదిలిపెట్టే వెళ్ళారు.

ఒక రోజు మీటరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో ఇంకో అట్టపెట్టె, చేతిలో కొత్త గేజీ.

"నేను కట్టనురా" అన్నాడు మేస్త్రి.

"నువ్వొక్కడివే కట్టొద్దు. నేను గేజీ పట్టుకుంటా, నువ్వు బిగించు. అక్క మీటి వింటుంది."

వారం పట్టింది. ముప్పై ఆరు చువ్వల అంకెలూ కాగితం మీద రాసి, మర్నాడు మళ్ళీ కొలిచి, ఆ మర్నాడు మళ్ళీ కొలిచారు. అప్పటికి గానీ మేస్త్రి చక్రాన్ని కొట్టు గడప దాటనివ్వలేదు.

మీటరు మళ్ళీ డ్యాముకు బయలుదేరిన రోజున మేస్త్రి స్కూటరు మీద వెనకాలే వెళ్ళాడు, భార్యను ఎక్కించుకుని. చెవిమిషనులో గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు. టిక్కు లేదు. లేకపోయేసరికి అదో భయం పట్టుకుంది, తనకే వినపడటం లేదేమోనని. దారిలో అయిదుసార్లు ఆపించి చువ్వలు నొక్కి చూశాడు. అయిదోసారి మీటరు రోడ్డు మీదే కూలబడి, "బావా, చక్రం బాగానే ఉంది, నా మోకాలే విరిగేలా ఉంది, ఎక్కి దిగలేక" అన్నాడు. భార్య పకపకా నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. మిగిలిన రెండు చువ్వలు కూడా నొక్కి చూసి, అప్పుడు "సరే, ఎక్కు" అన్నాడు.